నాలుగో చెయ్యి

మార్చి 3

అక్కా,

ఓడిపోయాం. నువ్వు ఏ ఉత్తరమైనా ముందు చివరి పేరా చదివి తర్వాత పైకి వెళ్తావు కాబట్టి, ఈసారి నీకా తిప్పలు లేకుండా మొదట్లోనే రాసేశాను.

నిన్న మధ్యాహ్నం బుడ్డిని వాళ్ళ బాబాయి వచ్చి తీసుకెళ్ళాడు. చెడ్డవాడేం కాదు. పదేళ్ళు ఓడల్లో తిరిగి, పెళ్ళి చేసుకుని, ఇప్పుడు ఒక ఊళ్ళో కుదురుకున్నాడు. చనిపోయిన అన్న కూతురు ఎక్కడో పరాయి ఇంట్లో పెరుగుతోందని తెలిసి వచ్చాడు. అతని చోట ఉంటే నేనూ వచ్చేవాణ్ణేమో. కానీ ఆరేళ్ళక్కా! వాళ్ళమ్మ ఆస్పత్రి మంచం మీది నుంచి రెండేళ్ళ పిల్లను నీ మరదలి ఒళ్ళో పెట్టి కన్నుమూసింది. ఆ రోజు నుంచి అది మా పిల్లే. దత్తత కాగితాలు రాయించుకుందామని నీ మరదలు అంటూనే ఉంది, వచ్చే నెల చూద్దామని నేనూ అంటూనే ఉన్నాను. తను పోయి రెండేళ్ళయింది. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు.

జడ్జిగారు నన్ను అడిగింది ఒకే ఒక్క ముక్క. "మీరు ఆ పిల్లకు ఏమవుతారు?" నాన్ననండీ అన్నాను. "కాగితం ప్రకారం?" అన్నారు. కాగితం ప్రకారం ఏమీ కానివాడికి పిల్ల కావాలని అడిగే హక్కే లేదట. బాగా పెంచానా లేదా అన్నది ఆయన చూడనే లేదు. అప్పీలులోనూ అదే మాట. ఇక మిగిలింది నువ్వు పనిచేసే అతిపెద్ద కోర్టే. లాయరు అక్కడికే వెళ్దామంటున్నాడు.

బుడ్డి కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ షాపులో మరిచిపోయింది. అద్దాలు అరగదీసే మిషను పక్కనే పెట్టుకున్నాను.

అక్కడ నువ్వున్నావుగా. నా ధైర్యం అదే.

తమ్ముడు


మార్చి 12

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గది తలుపు వేసుకుని ఏడ్చాను. పక్క గదిలో అద్దెకుంటున్న నర్సు గోడ తట్టి, "తలనొప్పా అండీ?" అని అడిగింది. అవునన్నాను.

ఇప్పుడు జాగ్రత్తగా విను. నన్ను చూసి ధైర్యం తెచ్చుకోకు. ఈ కోర్టు ఎలా నడుస్తుందో నేను నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. తలుపు తడితే లోపలికి పిలిచి వింటారని అందరిలాగే నువ్వూ అనుకుంటున్నావు. ఏడాదికి ఏడువేల పిటిషన్లు వస్తాయి. వినేది డెబ్భై, మహా అయితే ఎనభై. వచ్చిన పిటిషన్ మొత్తం చదివి మా జడ్జిగారికి ఒక్క పేజీ నోటు రాయడం నా పని. మనుషులు పదేళ్ళు పడ్డ బాధను ఒక పేజీలో ఇరికిస్తాను, అదీ నాలుగు వైపులా మార్జిన్ వదిలి.

ఆ నోట్లో "ఇతనికి అన్యాయం జరిగిందా" అన్న ప్రశ్న ఉండదు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే. దేశంలో అన్యాయాలన్నీ సరిచేయడం తొమ్మిదిమంది వల్ల అయ్యే పని కాదు. వాళ్ళు చూసేది వేరు. ఒకే ప్రశ్నకు ఒక ఊరి కోర్టు ఒక జవాబు, ఇంకో ఊరి కోర్టు ఇంకో జవాబు చెబుతున్నాయా? అలాగైతేనే ఆ కేసు మీద కన్ను పడుతుంది. శుక్రవారం తొమ్మిదిమంది జడ్జీలూ ఒక గదిలో కూర్చుంటారు. అక్కడ పదో మనిషి ఉండకూడదు. మంచినీళ్ళు కావాలన్నా అందరికంటే వెనక చేరిన జడ్జిగారే లేచి తేవాలి. ఒక్కో కేసూ పిలుస్తారు. నాలుగు చేతులు లేస్తే విచారణకు తీసుకుంటారు. మూడే లేస్తే లేదు. ఎందుకు తీసుకోలేదో కారణం రాయరు. "నిరాకరించడమైనది" అని ఒక్క మాట, అంతే.

నీ పిటిషన్ వస్తే అది నా తమ్ముడిదని నేను ఆఫీసులో చెప్పాలి. ఆ కాగితాలు నా బల్ల మీదికి రానివ్వరు. జడ్జిగారు వేరేవాళ్ళ నోటు చదువుకుంటారు. ఆయనకేం అడ్డు ఉండదు, తప్పుకోవాల్సింది నేనొక్కదాన్నే. అందుకని ఇవాళ్టి నుంచి కేసు గురించి నాకు ఒక్క ముక్క రాయకు. షాపు సంగతులు రాయి, నీ మోకాలి నొప్పి గురించి రాయి. ఇది తేలేదాకా నేనూ అటు రాను. వస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనుకుంటారు.

వేళకు తిను.

నీ అక్క


ఏప్రిల్ 4

అక్కా,

మహారాణీగారి ఆజ్ఞ. కేసు గురించి రాయను. అక్కకు రాసేటప్పుడు కూడా చూసి చూసి రాయాల్సి వస్తుందని అనుకోలేదు, అంతే.

షాపు సంగతులు. మొన్నొక పెద్దాయన ఉన్న ఫ్రేములన్నీ పెట్టి చూసుకుని, వేటిలోనూ తన ముఖం బాగోలేదన్నాడు. "ఫ్రేములు మార్చగలను గానీ ముఖాలు మా దగ్గర దొరకవండీ" అన్నాను. నవ్వి, మొదట పెట్టుకున్నదే కొనుక్కుపోయాడు. మోకాలు మునుపటిలాగే ఉంది.

గోడ అద్దం బుడ్డి ఎత్తుకు కిందికి బిగించాను కదా, దాన్ని మార్చబుద్ధి కావడం లేదు. అందులో నాకు నా చొక్కా గుండీలు తప్ప ఏమీ కనిపించవు. బుడ్డి కళ్ళ పవరు ఆరునెలలకోసారి పెరుగుతుంది. ఈ నెల మార్చాలి. అంచనా మీద కొత్త జోడు చేసి డబ్బాలో పెట్టాను. ఎక్కడికి పంపాలో తెలీదు. ఇది కేసు కాదు, కళ్ళ సంగతి, కాబట్టి రాయొచ్చనుకుంటాను.

ఇంకో విషయం. ఒక మంచి పని చేశాను. ఏమిటో చెబితే నీ నియమం తప్పినట్టవుతుంది కాబట్టి చెప్పను. తెలిసిన రోజున నీకే సంతోషంగా ఉంటుంది.

తమ్ముడు


ఏప్రిల్ 29

తమ్ముడూ,

నన్ను జడ్జిగారి ఆఫీసు నుంచి లైబ్రరీకి మార్చారు. పాత తీర్పుల పుస్తకాల్లో చిరిగిన పేజీలు అతికించడం, అడిగిన పుస్తకం తీసి ఇవ్వడం పని. జిగురు చేతికి అంటుకుంటే రెండు రోజులు పోదు.

క్యాంటీన్‌లో నా పాత జట్టు కూర్చునే బల్ల దగ్గరికి వెళ్తే మాటలు ఆపేస్తున్నారు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళ నోట్లో ఉన్నవన్నీ రహస్యాలే. పదకొండేళ్ళు నేనూ అలాగే ఎవరైనా వస్తే ఆపేశాను. ఇప్పుడు కిటికీ పక్క బల్లకు మారాను. అక్కడ ఒకటే కుర్చీ.

ఎందుకు మార్చారని అడగకు. నువ్వు చేశానన్న మంచి పని గురించి నేనూ అడగను.

అక్క


మే 14

అక్కా,

లైబ్రరీకా? నువ్వే అడిగి మార్పించుకున్నావు కదూ? నాకు అర్థమైంది. ఫలానావాడి అక్క అని మీ ఆఫీసులో నలుగురూ అనుకోవడం నీకు చిన్నతనంగా ఉన్నట్టుంది.

రెండో తరగతిలో మాస్టారు నన్ను బెంచీ ఎక్కిస్తే, నువ్వు ఐదో తరగతి నుంచి పరుగెత్తుకొచ్చి ఆయనతో పోట్లాటకు దిగావు. నిన్నూ పక్కనే బెంచీ ఎక్కించారు. ఇద్దరం చేతులు పట్టుకుని నిలబడ్డాం. ఆ అక్క కోసం రాస్తున్నాను ఈ ఉత్తరం. చిరునామా అదేనో కాదో తెలీదు.

తమ్ముడు


జూన్ 2

తమ్ముడూ,

నేను అడిగి మార్పించుకోలేదు. ఇంతకు మించి ఒక్క అక్షరం రాయలేను. రాయగలిగే రోజు వస్తే రాస్తాను.

నిన్న ఆదివారం. రోజంతా వాన. నర్సు ఊళ్ళో లేదు. ఇవాళ పొద్దున బస్సులో టికెట్ అడగబోతే గొంతు పెగల్లేదు. అప్పుడు తెలిసింది, శనివారం సాయంత్రం తర్వాత నేను ఎవరితోనూ మాట్లాడలేదని. బెంచీ సంగతి నాకూ గుర్తుంది. నీ చెయ్యి చెమటతో తడిసి ఉంది.

అదే అక్క


జూన్ 21

అక్కా,

తేలిపోయింది, ఇక రాయొచ్చు.

లాయరు కోర్టు అచ్చువేసిన జాబితా తెచ్చి చూపించాడు. వందల కేసుల మధ్య నాదొక వరస. "నిరాకరించడమైనది. ముగ్గురు న్యాయమూర్తులు విచారణకు స్వీకరించాలని అభిప్రాయపడ్డారు. ఒక న్యాయమూర్తి పాల్గొనలేదు." మామూలుగా ఎన్ని చేతులు లేచాయో బయటికి చెప్పరట. ఆ ముగ్గురూ పట్టుబట్టి తమ మాట అచ్చు వేయించారట. లాయరు తన సర్వీసులో ఇలాంటి వరస రెండోసారి చూడటమట.

ముగ్గురక్కా! ఇంకొక్క చెయ్యి లేస్తే నా పిల్ల సంగతి వినేవాళ్ళు. ఆ పాల్గొనని ఒక్కరు ఎవరు? మీ జడ్జిగారేనా? "మీ అక్కగారు అక్కడ పనిచేయడం వల్ల తప్పుకున్నారేమో" అంటున్నాడు లాయరు. ఆయనకేం అడ్డు ఉండదని మార్చిలో నువ్వే రాశావు. ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. నాకు జవాబు కావాలి.

తమ్ముడు


జూన్ 29

తమ్ముడూ,

అవును, మా జడ్జిగారే. కారణం నేనే. మార్చిలో తెలిసీ తెలియక రాశాను. నేను అక్కడ ఉండటం వల్లే ఆయన తప్పుకున్నారు. ముందే ఆ ఉద్యోగం వదిలేసి ఉంటే సరిపోయేది. నాకు తట్టలేదు.

నిరాకరించారంటే నువ్వు తప్పు చేశావని కాదు, మంచి తండ్రివి కాదనీ కాదు. కోర్టు నీ గురించి ఏమీ అనలేదు. అసలు ఏమీ అనకపోవడమే దాని పద్ధతి. ఇన్నాళ్ళూ వేల మందికి వెళ్ళిన ఆ ఒక్క మాట వెనక నా నోట్లు ఉన్నాయి. అది చదువుకున్నవాళ్ళు ఎలా ఉంటారో నేను ఎప్పుడూ చూడలేదు.

నన్ను తిట్టు. పేజీల కొద్దీ తిట్టు. రాయడం మాత్రం మానకు.

అక్క


జూలై 6

తిట్టడానికి కూడా ఓపిక లేదు. ఇక నాకు రాయకు.


అక్టోబర్ 10

తమ్ముడూ,

రాయొద్దన్నావు. ఆగస్టులో రాసింది చించేశాను, సెప్టెంబర్‌లో రాసింది సంచిలోనే ఉంది. ఇది మాత్రం పంపాల్సిందే.

ఈ వారం జాబితాలో ఒక కేసు తీసుకున్నారు. ఇది అందరికీ తెలిసిన విషయమే, రహస్యం కాదు. ఎక్కడో ఒక ముసలావిడ పక్కింటి పిల్లాణ్ణి పసికందుగా ఉన్నప్పటి నుంచి పెంచింది. కాగితం లేదు. ఆవిడ ప్రశ్న నీ ప్రశ్నే: పెంచినవాళ్ళకు అడిగే హక్కు ఉందా లేదా? అక్కడి కోర్టు ఉందంది, మీ దగ్గర లేదన్నారు. అందుకే తీసుకున్నారు. నీది వచ్చినప్పుడు ఈ రెండో జవాబు ఇంకా పుట్టలేదు.

ఎవరు చెయ్యెత్తారో నాకు తెలీదు. లైబ్రరీ దాకా అలాంటివి రావు.

మోకాలు ఎలా ఉంది?

అక్క


ఫిబ్రవరి 3

తమ్ముడూ,

ముసలావిడ గెలిచింది. తీర్పు చదివిన రోజు సెలవు పెట్టి, జనంతో పాటు వెనక బెంచీలో కూర్చున్నాను. ఏడుగురు అటు, ఇద్దరు ఇటు. కాగితం ఉన్నా లేకపోయినా, పెంచినవాళ్ళు కోర్టుకొచ్చి అడగవచ్చు, ఎలా పెంచారో కోర్టు వినితీరాలి అన్నారు.

తీర్పు రాసింది మా జడ్జిగారే. ఆ సంగతి నీకు ఎలా చెప్పాలో తెలీక ఈ ఉత్తరం రెండు రోజులు బల్ల మీదే ఉంది. దాస్తే పేపర్లో చూస్తావు.

నిరాకరించిన కేసు మళ్ళీ తెరవరు. కానీ ఈ తీర్పు చూపించి మీ ఊరి కోర్టులో కొత్తగా వేయొచ్చు. ఈసారి నువ్వు ఏమవుతావని అడిగి పంపేయలేరు. తీర్పు నకలు జత చేస్తున్నాను. లాయరుకు చూపించు. నాకు జవాబు రాయకపోయినా సరే, ఇది మాత్రం చెయ్యి.

అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

తీర్పు అందింది. నీలాగే చివరి పేజీ ముందు చదివాను.

మర్నాడే లాయరు కొత్త పిటిషన్ తయారుచేసి ఇచ్చాడు. నా సంతకం ఒక్కటే తక్కువ. కాగితాలు షాపుకు తెచ్చుకుని, కలం తీశాను. అప్పుడు తలుపు తోసుకుని బుడ్డి వచ్చింది.

వెనక వాళ్ళ బాబాయి. ఈ ఏడాదిలో వేరే షాపుల్లో రెండు జోళ్ళు చేయించాడట, రెంటికీ తలనొప్పేనట. ఇక్కడికే తీసుకెళ్ళమని పట్టుబట్టిందట. పొడుగైంది. ముందు పళ్ళు రెండూ వచ్చేశాయి. నన్ను చూసి పరుగెత్తుకొస్తుందనుకున్నాను. ఒక్క క్షణం గుమ్మంలో ఆగి, చిన్నగా నవ్వి, తన కుర్చీలో తనే ఎక్కి కూర్చుంది. చార్టు చదివింది. మూడో వరస దాటలేదు. నేను అంచనా మీద చేసిపెట్టిన జోడు పనికిరాలేదు, పవరు అంతకంటే పెరిగింది. కొత్త అద్దాలు అరగదీస్తుంటే పక్కనే నిలబడి ఒకటే కబుర్లు. స్నేహితురాలు ఒకతె దొరికిందట. కుక్కపిల్ల ఉందట. "మా ఇంట్లో మేడ మీద గది నాదే" అంది. మా ఇల్లంటే ఆ ఇల్లు. మిషను చప్పుడు చేస్తోంది కాబట్టి సరిపోయింది.

అప్పుడు వాళ్ళ బాబాయి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "కోర్టువాళ్ళు మాకు పంపారండి. మీరు రాసిందే. చూస్తే మీకు ఇచ్చేయాలనిపించింది."

నా దస్తూరీ. నేను చేశానన్న మంచి పని. నేను మీ జడ్జిగారికి రాసిన ఉత్తరం. పైన కోర్టు ముద్ర, పక్కన ఒక చీటీ: "పిటిషనర్ నేరుగా రాసిన ఈ ఉత్తరం కారణంగా న్యాయమూర్తి ఈ కేసులో పాల్గొనరు." రాసినవాడికి ఎటూ తెలుసు కదా అని దాని నకలు అవతలివాళ్ళకే పంపుతారట. అంత తెలివైనవాడు రాశాడనుకున్నారు పాపం.

సిఫారసు అడగలేదక్కా, ఒట్టు. కాగితం ప్రకారం నేను ఏమీ కాను, సరే, నేను ఎలాంటి ఇంట్లోంచి వచ్చానో ఆయనకు తెలియాలనుకున్నాను. "మీ దగ్గర పనిచేసే ఆవిడ మా అక్క. అమ్మ పోయినప్పుడు ఆవిడకు పన్నెండేళ్ళు. నన్ను పెంచింది ఆవిడే. ఏ కాగితమూ లేకుండానే పెంచింది. పిల్లను పెంచడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను" అని రాశాను. అంతే రాశాను.

ఆ నాలుగో చెయ్యిని దించింది నేను. నువ్వు ఆ నింద నీ నెత్తిన వేసుకున్నావు. ఏడు నెలలు నీకు ఒక్క ముక్క రాయలేదు. నిన్ను లైబ్రరీకి మార్చింది కూడా నా ఉత్తరం వల్లేనా? ఎందుకు చెప్పలేదక్కా?

బుడ్డి కొత్త జోడు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఎదుటి షాపు బోర్డు గడగడా చదివింది. చదివేసి, పక్కకు చూడకుండానే చెయ్యి చాపింది. వాళ్ళ బాబాయి పట్టుకున్నాడు. ఇద్దరికీ అలవాటైపోయినట్టుంది.

వాళ్ళు వెళ్ళాక కాగితాలు మళ్ళీ ముందుకు లాక్కున్నాను. నాకిప్పుడు హక్కుంది. కోర్టు వినితీరాలి. ఆ పిల్లను ఒకసారి ఒక ఇంట్లోంచి పెకలించారు. రెండోసారి పెకలించమని అడగాలా వద్దా అన్నది తేల్చడానికి ఇక్కడ తొమ్మిదిమంది లేరు. నేనొక్కణ్ణే. కలం మూత పెట్టేశాను. నేను చెయ్యెత్తలేదక్కా. లాయరు ఎందుకని అడిగాడు. కారణం చెప్పలేదు.

ఆరునెలలకోసారి తీసుకొస్తానన్నాడు, పవరు మారుతుంది కాబట్టి. ఇవాళ పొద్దున గోడ అద్దాన్ని జానెడు పైకి బిగించాను.

తమ్ముడు


మార్చి 3

తమ్ముడూ,

ఆ రోజు జడ్జిగారు నన్ను లోపలికి పిలిచి, నీ ఉత్తరం నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. "మీ తమ్ముడు చాలా మంచి ఉత్తరం రాశాడమ్మా. అందుకే నేనిక ఈ కేసు ముట్టుకోలేను. మిమ్మల్నీ ఈ గదిలో ఉంచలేను" అన్నారు.

నా గురించి అంత మంచి మాటలు ఎవరూ ఎప్పుడూ రాయలేదురా. నీ పిల్లను దూరం చేసింది ఆ మాటలేనని నీకు నా చేత్తో ఎలా రాసేది? నువ్వు నన్ను తిట్టుకుంటే ఓర్చుకోగలననుకున్నాను. నిన్ను నువ్వు తిట్టుకుంటూ ఆ షాపులో ఒక్కడివే కూర్చోవడం తలుచుకోలేకపోయాను. తీరా చూస్తే ఇద్దరం చెరో చోటా ఒక్కళ్ళమే కూర్చున్నాం.

నువ్వు చెప్పని కారణం నాకు తెలుసు. పదకొండేళ్ళు ఆ గదిలో పనిచేశాను, ఇంతకంటే మంచి నిర్ణయం చూడలేదు. నువ్వు మాత్రం దాని గురించి ఎవరి దగ్గరా ధైర్యం నటించకు. ఏడుపొస్తే ఏడువు.

నాకు దగ్గర చూపు తగ్గింది. పుస్తకాల్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. పవరు చీటీ పోస్టులో పంపితే చేసి పంపుతానంటావు. పంపను. పన్నెండో తారీఖు రైలుకు టికెట్ తీసుకున్నాను. పద్నాలుగు పొద్దునకల్లా షాపులో ఉంటాను. చార్టు గోడకు తగిలించి ఉంచు. ఈసారి పైనుంచి కిందికే చదువుతాను.

నీ అక్క